ఫైళ్లన్నీ చేరాయి, తేదీలే దారిలో దిగిపోయాయి

ప్రశ్న: పద్దెనిమిదేళ్లుగా అనువాదాలు చేస్తున్నాను. చేసిన పనంతా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉంది. అది పాతదైపోయిందని, గత నెల ఒక శనివారం కూర్చుని ఫోల్డర్లన్నిటినీ బ్రౌజర్‌లోకి లాగి క్లౌడ్‌లో పడేశాను. రాత్రంతా ఎక్కుతూనే ఉంది. పొద్దున చూస్తే ఫైళ్ల లెక్క సరిపోయింది. కానీ ప్రతి ఫోల్డర్ మీదా, ప్రతి ఫైల్ మీదా ఆ శనివారం తేదీయే ఉంది! చిత్తుప్రతులకి నేను పెట్టే పేర్లు చెప్పాలంటే సిగ్గుగా ఉంది: 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్', 'అసలు ఫైనల్'. ఏది ముందో ఏది వెనకో తేదీని చూసే తెలుసుకునేదాన్ని. ఫోల్డర్లని కూడా తేదీ వరసలోనే వెతుక్కునేదాన్ని. మావారి మ్యాక్‌లో పని చేసిన రోజుల్లో కొన్ని ఫైళ్లకి ఎరుపు, ఆకుపచ్చ ట్యాగులు పెట్టాను. అవీ కనిపించడం లేదు. ఇంకో వింత ఏమిటంటే, కొన్ని పాత ఫోటోల మీద డిస్క్‌లోనే 1980 జనవరి 1 అని ఉంది. అప్పటికి నేను పుట్టనేలేదు. అప్‌లోడ్ అయ్యాక క్లౌడ్‌లోనే నాలుగైదు ఫైళ్లు సరిదిద్దాను కూడా. డిస్క్ ఇంకా నా దగ్గరే ఉంది. మా మరిది కొడుకు సినిమాలు పెట్టుకుంటానని అడుగుతుంటే ఫార్మాట్ చేసి ఇచ్చేద్దామనుకుంటున్నాను. పోయిన తేదీలు తిరిగి వస్తాయా? రేపు ఎవరైనా 'ఈ అనువాదం మీరెప్పుడు చేశారు' అని అడిగితే ఏం రుజువు చూపించాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక అనువాదకురాలు

జవాబు: ముందు ఆ డిస్క్‌ని మీ మరిది కొడుక్కి అందకుండా దాచేయండి. మిగతాదంతా నింపాదిగా మాట్లాడుకోవచ్చు. మీ తేదీలు పోలేదు, క్లౌడ్‌కి వెళ్లలేదంతే. అవి ఇప్పటికీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. దాన్ని ఫార్మాట్ చేసిన రోజున మాత్రం నిజంగానే పోతాయి.

ఇంకో జాగ్రత్త కూడా ముందే చెప్పాలి. ఆ డిస్క్ తగిలించి, 'అవునా, చూద్దాం' అని అందులోని వర్డ్ ఫైళ్లని నేరుగా తెరవకండి. ఎందుకో కిందకి వెళ్లేసరికి మీకే తెలుస్తుంది.

అసలు జరిగిందేమిటంటే, మనం ఫైల్ తేదీ అనుకునేది ఫైల్ లోపల ఉండదు. ఉత్తరానికి లోపల మనం రాసుకున్న తేదీ ఒకటి ఉంటుంది, కవరు మీద పడిన తపాలా ముద్ర ఇంకొకటి ఉంటుంది కదా. కంప్యూటర్‌లో 'డేట్ మాడిఫైడ్' అని కనిపించేది కవరు మీది ముద్ర. దాన్ని రాసుకునేది ఫైల్ కాదు, డిస్క్‌ని నిర్వహించే ఫైల్ సిస్టమ్. ఏ ఫైల్ ఎక్కడుంది, ఎంత సైజు, ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది అని అది ఒక రిజిస్టర్ పెట్టుకుంటుంది. మీరు బ్రౌజర్‌లోకి లాగినప్పుడు ఉత్తరం వెళ్లింది, రిజిస్టర్ వెళ్లలేదు. అవతలి వాళ్లు కొత్త కవరులో పెట్టి, ఆ శనివారం ముద్ర కొట్టారు.

ఇందులో మీ తప్పేమీ లేదు. బ్రౌజర్ ద్వారా అప్‌లోడ్ చేసినప్పుడు ఒక ఫైల్ గురించి వెబ్‌సైట్‌కి తెలిసే వివరాలు చాలా తక్కువ: పేరు, సైజు, రకం, చివరిసారి మారిన తేదీ, ఫోల్డర్‌ని లాగితే అందులో అది ఏ దారిలో ఉందన్నది. పుట్టిన తేదీని బ్రౌజర్ అసలు చెప్పదు, చెప్పే ఏర్పాటే లేదు. చివరిసారి మారిన తేదీని చెబుతుంది కానీ, దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది అవతలి సర్వీసు ఇష్టం. కొన్ని వాడుకుంటాయి, కొన్ని పక్కన పారేసి అప్‌లోడ్ అయిన రోజునే రాసుకుంటాయి. మీకు రెండో రకం తగిలినట్టుంది.

'తగిలినట్టుంది' అని ఎందుకంటున్నానంటే, ఒక్కోసారి తేదీ లోపల భద్రంగానే ఉంటుంది, తెర మీది వరసలో వేరే తేదీ చూపిస్తారు. డ్రాప్‌బాక్స్ ప్రతి ఫైల్‌కీ రెండు తేదీలు ఉంచుకుంటుంది. మీ కంప్యూటర్ చెప్పిన మార్పు తేదీ ఒకటి, ఫైల్ తమ సర్వర్‌కి చేరిన తేదీ రెండోది. వన్‌డ్రైవ్ కూడా సర్వర్ తేదీలతో పాటు, మీ కంప్యూటర్‌లోని అసలు తేదీలకి విడిగా చోటు పెట్టింది. కాబట్టి ఇంకేమైనా చేసే ముందు ఏదో ఒక ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి దాని పూర్తి వివరాలు చూడండి. పాత తేదీ అక్కడ కనిపిస్తే మీ పని సగం తగ్గినట్టే.

ఫోల్డర్ల సంగతి వేరు, అక్కడ కాసేపు ఆగుదాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 'ఫోల్డర్లని కూడా తేదీ వరసలోనే వెతుక్కునేదాన్ని' అన్న మాట. క్లౌడ్‌లో ఫోల్డర్ తేదీ అనేది చాలాచోట్ల లేనే లేదు. డ్రాప్‌బాక్స్ రికార్డులో ఫైల్‌కి రెండు తేదీలుంటే ఫోల్డర్‌కి ఒక్కటీ లేదు. అమెజాన్ ఎస్3 వంటి పెద్ద క్లౌడ్ గోదాముల్లో అయితే ఫోల్డర్ అన్నదే మన కంటికి కనిపించే భ్రమ. అక్కడ ఉండేవి పొడవాటి పేర్లు మాత్రమే. '2014, అడ్డగీత, నవల, అడ్డగీత, చిత్తు' అన్నదంతా కలిపి ఒకే ఫైల్ పేరు. అడ్డగీత దగ్గర విరిచి ఫోల్డర్‌లా చూపించడం తెర మీది ఏర్పాటు. లేని ఫోల్డర్‌కి తేదీ ఎక్కడి నుంచి వస్తుంది?

సరే, మీ డిస్క్ మీద ఉన్న ఫోల్డర్ తేదీ అయినా మీరనుకున్నది చెబుతోందా? విండోస్‌లో ఫోల్డర్ 'డేట్ మాడిఫైడ్' అంటే, దాని లోపల నేరుగా ఉన్న వస్తువుల జాబితా మారిన తేదీ. కొత్త ఫైల్ చేరినా, ఒకటి పోయినా, పేరు మారినా ఆ తేదీ మారుతుంది. లోపలి ఉపఫోల్డర్‌లో ఎంత పని జరిగినా పై ఫోల్డర్‌కి ఆ కబురు అందదు. అటునుంచి చూస్తే, మీరు ఏమీ మార్చకపోయినా అది మారిపోవచ్చు. వర్డ్‌లో ఒక ఫైల్ తెరిచారనుకోండి, 'ఈ ఫైల్ ఫలానావారి చేతిలో ఉంది' అని గుర్తు పెట్టుకోవడానికి వర్డ్ అదే ఫోల్డర్‌లో కనిపించని చిన్న ఫైల్ ఒకటి పెడుతుంది. మీరు మూసేయగానే తీసేస్తుంది. ఈ పెట్టడం తీయడంలో ఫోల్డర్ తేదీ ఇవాళ్టికి మారిపోతుంది. 2011 నాటి ఫోల్డర్‌లో మీరు ఒక పదం కోసం ఫైల్ తెరిచి చూసి మూసేసినా అది ఇవాళ్టి ఫోల్డర్ అయిపోతుంది. డిస్క్ మీద ఫైళ్లు తెరవొద్దని మొదట్లోనే అన్నది ఇందుకే.

కాబట్టి పద్దెనిమిదేళ్లుగా మీరు నమ్ముకున్న సాక్షుల్లో ఫోల్డర్ తేదీ కాస్త నోటికొచ్చింది చెప్పే రకం. అది పోయిందని ఎక్కువ దిగులు పడకండి. ఫైల్ మార్పు తేదీ మాత్రం దాచుకోదగ్గదే.

పుట్టిన తేదీలో కూడా ఒక తమాషా ఉంది. విండోస్‌లో ఒక ఫైల్‌ని ఒక డిస్క్ నుంచి మరో డిస్క్‌కి మామూలుగా కాపీ చేస్తే మార్పు తేదీ పాతదే ఉంటుంది, పుట్టిన తేదీ మాత్రం కాపీ చేసిన క్షణం అవుతుంది. అందుకే మీ డిస్క్‌లో 2009లో మారిన ఫైల్ 2016లో పుట్టినట్టు కనిపించవచ్చు. పిల్ల పుట్టకముందే పెళ్లి అయినట్టు ఉంటుంది ఆ వరస! ఆ 2016 అంటే ఈ డిస్క్ కొని పాతదాంట్లోంచి కాపీ చేసిన సంవత్సరం అన్నమాట. చిత్తుప్రతుల వరస తేల్చాలంటే మార్పు తేదీనే పట్టుకోండి.

ఇక 1980 సంగతి. పాత కెమెరాల మెమరీ కార్డులు వాడే ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో తేదీల లెక్క 1980 నుంచే మొదలవుతుంది. గడియారం సెట్ చేయని కెమెరా ఫోటో తీస్తే, తేదీ తెలియక లెక్క మొదటి గడిలోనే గుర్తు పెడుతుంది. అదే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ లెక్క అయితే 1970 జనవరి 1 కనిపిస్తుంది. ఆ లెక్క యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుంది కనుక, కొన్ని దేశాల్లో గడియారం వెనక్కి జరిగి 1969 డిసెంబర్ 31 అని కూడా చూపిస్తుంది. ఇవి తేదీలు కావు, తేదీ లేదని చెప్పే ఖాళీలు. మీ ఫోటోల విషయంలో క్లౌడ్ చేసిన పాపం ఏమీ లేదు, అవి పుట్టుకతోనే అంత.

మిగతా ఫోటోల గురించి మీరు భయపడనక్కర్లేదు. కెమెరా, ఫోన్ తీసిన ఫోటోల్లో తీసిన తేదీ ఫైల్ లోపలే ఉంటుంది. దాన్ని ఎగ్జిఫ్ అంటారు, 1995 నుంచి ఉన్న పద్ధతి. ఇది కవరు మీద ముద్ర కాదు, ఉత్తరంలో రాసిన తేదీ. ఫైల్‌ని ఉన్నదున్నట్టు ఎక్కించినంతవరకు ఏ క్లౌడ్‌కి వెళ్లినా అది వెంట వస్తుంది. 'సైజు తగ్గించి అప్‌లోడ్ చేయాలా' లాంటి ప్రశ్నకి సరే అన్నప్పుడు, వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు మాత్రం లోపలి వివరాలు పోయే ప్రమాదం ఉంది. ఎగ్జిఫ్‌లో ఒక లోపం ఏమిటంటే, చాలాకాలం అందులో టైమ్‌ జోన్ రాసుకునే చోటే లేదు. 2016లో వచ్చిన సవరణతోనే అది చేరింది. పాత ఫోటోల్లో గంటలు కాస్త అటూ ఇటూ కనిపిస్తే కారణం అదే కావచ్చు.

మీకు అసలు కావలసింది చిత్తుప్రతుల వరస. ఇక్కడ మీ అదృష్టం బాగుంది. వర్డ్ ఫైల్ కూడా తన లోపల తేదీలు రాసుకుంటుంది: ఎప్పుడు మొదలైంది, చివరిసారి ఎప్పుడు సేవ్ అయింది, ఎవరు సేవ్ చేశారు అన్నీ. ఇప్పటి డాక్స్ ఫైల్ నిజానికి ఒక జిప్ మూట, అందులో ఈ వివరాలకని ఒక చిన్న కాగితం ఉంటుంది. పాత డాక్ ఫైళ్లలోనూ వేరే రూపంలో ఇవే ఉంటాయి. పీడీఎఫ్‌లోనూ సాధారణంగా ఉంటాయి. చూడటం తేలికే. విండోస్‌లో ఫోల్డర్ తెరిచి, వివరాలు వరసగా కనిపించే డీటెయిల్స్ రూపంలో పెట్టండి. పైన 'నేమ్', 'డేట్ మాడిఫైడ్' అని ఉన్న పట్టీ మీద రైట్ క్లిక్ చేసి 'మోర్' నొక్కితే పొడవాటి జాబితా వస్తుంది. అందులో 'డేట్ లాస్ట్ సేవ్డ్', 'కంటెంట్ క్రియేటెడ్' అన్నవి ఎంచుకోండి. ఫోటోలకైతే 'డేట్ టేకెన్'. ఇప్పుడు 'డేట్ లాస్ట్ సేవ్డ్' మీద నొక్కి వరసలో పెడితే, 'ఇదే ఫైనల్' ముందో 'అసలు ఫైనల్' ముందో తేలిపోతుంది. క్లౌడ్ నుంచి దింపుకున్న కాపీల మీద కూడా ఇది పని చేస్తుంది. మీ డిస్క్ ఈపాటికే పోయి ఉంటే మీకు నేను చెప్పగలిగే ఆశ ఇదొక్కటే అయ్యేది.

ఒక మెలిక ఉంది, చూసుకోండి. పాత అనువాదం ఫైల్‌ని కాపీ చేసి, పేరు మార్చి, అందులోదంతా చెరిపి కొత్తది రాయడం చాలామందికి అలవాటు. అలా చేసి ఉంటే 'కంటెంట్ క్రియేటెడ్' తేదీ ఆ పాత ఫైల్‌దే. దాన్ని బట్టి పని ఎప్పుడు మొదలైందో చెప్పకండి, చివరి సేవ్ తేదీని నమ్మండి. ఇక నోట్‌ప్యాడ్‌లో దాచుకున్న పదాల పట్టికల్లాంటి టెక్స్ట్ ఫైళ్లలో లోపల ఏమీ ఉండదు. వాటికి డిస్క్ మీది తేదీ ఒక్కటే దిక్కు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. క్లౌడ్‌లో ఉన్నవాటి తేదీలు ఒక్కోటీ సరిదిద్దే దారులు లేకపోలేదు కానీ, డిస్క్ చేతిలో ఉండగా ఆ తంటా ఎందుకు? మళ్లీ ఎక్కించడమే నయం. అయితే మీరు క్లౌడ్‌లో నాలుగైదు ఫైళ్లు సరిదిద్దారన్నారు కదా, అవి తుడిచిపెట్టుకుపోకూడదు. వాటిని పట్టుకోవడం చాలా తేలిక: క్లౌడ్‌లో అన్నిటి మీదా శనివారం తేదీయే ఉంది గనుక, తేదీ వరసలో పెడితే ఆ తర్వాత మీరు ముట్టుకున్నవి మాత్రం పైకి తేలతాయి. మీ తలనొప్పికి కారణమైన గందరగోళమే ఈ ఒక్క పనికి పనికొచ్చింది. వాటిని దించి వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి.

రెండో పని, డిస్క్ మీది రిజిస్టర్‌కి నకలు తీయడం. అన్నిటికన్నా ముఖ్యమైనది నా దృష్టిలో ఇదే. ఏ క్లౌడ్ ఏ తేదీని పారేసినా, ప్రతి ఫైల్ పూర్తి దారి, సైజు, పుట్టిన తేదీ, మార్పు తేదీ ఉన్న జాబితా ఒకటి మీ దగ్గర ఉంటే ఇక దేనికీ భయపడక్కర్లేదు. విండోస్‌లో కమాండ్లు టైప్ చేసి నడిపే పవర్‌షెల్‌లో గెట్ చైల్డ్ ఐటమ్ అనే కమాండ్ ఉంది. దాన్ని రికర్స్, ఫోర్స్ అనే ఆప్షన్లతో నడిపి ఎక్స్‌పోర్ట్ సీఎస్‌వీకి అందిస్తే ఎక్సెల్‌లో తెరుచుకునే జాబితా వచ్చేస్తుంది. రికర్స్ అంటే ఉపఫోల్డర్లన్నీ తిరిగి రమ్మని, ఫోర్స్ అంటే దాగి ఉన్నవాటిని కూడా తెమ్మని. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లకి పదినిమిషాల పని. ఒక్కటి మాత్రం మీరు దగ్గరుండి చూడాలి: ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలని ఫైల్‌లో రాసే పద్ధతి, యూటీఎఫ్-8 అని చెప్పాలి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ చెప్పకపోతే తెలుగు పేర్లన్నిటినీ ప్రశ్నార్థకాలు చేసి పెడుతుంది. నాకు ఒకసారి అలాగే అయింది. వేల ఫైళ్ల జాబితా తీసి, సంతోషంగా పక్కన పెట్టుకుని, డిస్క్ ఖాళీ చేసేశాక తెరిచి చూస్తే సగం వరసల్లో ప్రశ్నార్థకాలు తప్ప పేరు లేదు. ఆ వరసల్లో తేదీలు మాత్రం పొల్లుపోకుండా ఉన్నాయి, ఏ ఫైల్‌వో తెలియదు!

తెలుగు పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పేస్తాను. మనకి ఒక అక్షరంగా కనిపించే 'ఐ' గుణింతాన్ని, కంప్యూటర్లు అక్షరాలకి వాడే యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు ముక్కలుగా రాయవచ్చు. కంటికి తేడా తెలియదు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లని రెండు ముక్కలుగా విడగొట్టి దాచుకునేది. విండోస్ మీరెలా టైప్ చేస్తే అలాగే ఉంచుతుంది. అందుకని మ్యాక్ నుంచి వచ్చిన 'ఫైనల్', విండోస్‌లో పుట్టిన 'ఫైనల్' ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో పక్కపక్కన కూర్చున్నట్టు కనిపించవచ్చు, కంప్యూటర్‌కి మాత్రం అవి వేర్వేరు ఫైళ్లు. మీరు మ్యాక్ కూడా వాడారు, 'ఫైనల్' అన్న మాట కూడా బాగానే వాడారు. అలాంటి జంట కనిపిస్తే ఒకటి చెత్త అనుకుని తీసేయకండి, రెండిటి కాపీలూ వేరేచోట పెట్టి తెరిచి చూడండి.

మూడోది, ఎక్కించడం. ఈసారి బ్రౌజర్ వద్దు. మీ క్లౌడ్ సర్వీసువాళ్లే ఇచ్చే సింక్ యాప్‌ని, అంటే కంప్యూటర్‌లోని ఒక ఫోల్డర్‌ని క్లౌడ్‌తో సరిపోల్చి ఉంచే ప్రోగ్రామ్‌ని, పెట్టుకోండి. అది ఫైల్ సిస్టమ్‌ని నేరుగా చదువుతుంది కనుక మార్పు తేదీని సాధారణంగా మోసుకెళ్తుంది. పుట్టిన తేదీ, ఫోల్డర్ తేదీల విషయంలో ఒక్కో యాప్‌ది ఒక్కో తీరు. డిస్క్ నుంచి సింక్ ఫోల్డర్‌లోకి మౌస్‌తో లాగకండి. లాగితే పుట్టిన తేదీలు, ఫోల్డర్ తేదీలు అక్కడే ఇవాళ్టివైపోతాయి, క్లౌడ్ దాకా వెళ్లేదేముంది? విండోస్‌తో పాటే రోబోకాపీ అనే పనిముట్టు వస్తుంది. ఫైళ్ల తేదీలని అది మామూలుగానే నిలబెడుతుంది. ఫోల్డర్ల తేదీలు కూడా కావాలంటే 'డీకాపీ' అనే ఆప్షన్‌లో డి, ఎ, టి మూడక్షరాలూ ఇవ్వాలి. ఆ 'టి'యే టైమ్‌. 'మిర్' అనే ఆప్షన్ జోలికి మాత్రం పోకండి. మొదటి డిస్క్‌లో లేనివాటిని రెండోచోట తుడిచేయడం దాని పని. కమాండ్లంటే భయం లేనివాళ్లకి ఆర్‌క్లోన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇంకా బాగుంటుంది. చాలా క్లౌడ్ సర్వీసులతో మాట్లాడుతుంది, సర్వీసు ఒప్పుకున్నంతమేరకు తేదీలు తీసుకెళ్తుంది. ఎస్3 లాంటి చోట సర్వర్ తేదీని మార్చడం కుదరదు గనుక, అసలు తేదీని ఫైల్ పక్కన చీటీలా అతికించి పెడుతుంది. తిరిగి దించుకునేటప్పుడు ఆ చీటీ చదివి తేదీ వేస్తుంది.

మొత్తం ఒకేసారి ఎక్కించేయాలన్న ఉబలాటం వద్దు. ఒక చిన్న పరీక్ష ఫోల్డర్ తయారు చేయండి. అందులో ఒక పాత వర్డ్ ఫైల్, ఒక టెక్స్ట్ ఫైల్, ఒక ఫోటో, తెలుగు పేరున్నది ఒకటి, మ్యాక్ ట్యాగ్ ఉన్నది ఒకటి, ఏమీ లేని ఖాళీ ఫోల్డర్ ఒకటి పెట్టండి. దాన్ని ఎక్కించి, మరో కంప్యూటర్‌లోకి దించి, జాబితాతో పోల్చి చూడండి. ఏది నిలిచిందో ఏది రాలిపోయిందో మీ సర్వీసు విషయంలో మీకే కచ్చితంగా తెలుస్తుంది. ఎక్కడం మాత్రం చూసి ఊరుకోకండి, దిగి వచ్చాక చూడటమే అసలు పరీక్ష. ఖాళీ ఫోల్డర్ ఎందుకంటే, బ్రౌజర్ అప్‌లోడ్‌లో అవి చాలాసార్లు అసలు వెళ్లవు. 'వచ్చిన ఉత్తరాలు' అని ఫోల్డర్ పెట్టి ఏమీ రాకపోతే, ఆ ఏమీ రాలేదన్నది కూడా ఒక్కోసారి సమాచారమే.

మ్యాక్ ట్యాగుల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అవి ఫైల్‌కి తగిలించిన అదనపు గుర్తులు, మ్యాక్ ఫైల్ సిస్టమ్‌కే బాగా తెలిసినవి. బ్రౌజర్‌కి వాటి గురించి ఏమీ తెలియదు. విండోస్‌కి కూడా అర్థమయ్యే డిస్క్ మీదకి మ్యాక్ వాటిని రాసినప్పుడు, చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైళ్లలో దాచిపెడుతుంది. మీ డిస్క్‌లో అలాంటివి కుప్పలుగా కనిపించే ఉంటాయి. చెత్త అని తీసేసి ఉండకపోతే మీ ఎరుపు, ఆకుపచ్చ వాటిలోనే ఉన్నాయి. డిస్క్‌ని, 'మావారి మ్యాక్' అన్నారే, దానికే తగిలించి ఫైండర్‌లో ట్యాగు వారీగా చూసి, ఏ ఫైల్‌కి ఏ రంగో కాగితం మీద రాసుకోండి. యాభై, అరవై కన్నా ఎక్కువ ఉండవని నా అంచనా. ఎరుపు అంటే 'డబ్బు రాలేదు' అనో 'మళ్లీ చూడాలి' అనో మీకేదో అర్థం ఉండే ఉంటుంది. ఆ మాటనే ఫైల్ పేరులో చేర్చేస్తే రంగుతో పని లేదు.

పూర్తయిపోయిన పాత పుస్తకాల ఫోల్డర్లని, ఇక మార్చేది లేదనుకున్నవాటిని, ఒక్కోటీ ఒక్కో జిప్ చేసి ఎక్కించడం కూడా మంచి పద్ధతే. మూట లోపల ప్రతి ఫైల్ మార్పు తేదీ అలాగే ఉంటుంది, పైన క్లౌడ్ ఏ ముద్ర కొట్టుకున్నా మనకి పట్టదు. మామూలు జిప్ తేదీలు రెండేసి సెకన్ల లెక్కలో ఉంటాయి, అనువాదకులకి ఆ తేడా ఏం చేస్తుంది! అయితే జిప్ లోపలి మాటల్ని క్లౌడ్ వెతుకులాట సాధారణంగా పట్టుకోలేదు. 'ఆ పదాన్ని అప్పుడెలా అనువదించాను' అని తరచూ వెతికే ఫోల్డర్లని విడిగానే ఉంచండి.

మీ చిత్తుప్రతుల పేర్ల గురించి ఒక మాట. సిగ్గుపడకండి, 'అసలు ఫైనల్' ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది, నాదాంట్లోనూ ఉంది. ఇకమీదట మాత్రం పేరు ముందు తేదీ పెట్టండి: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, 2019-03-14 అన్నట్టు. నెలకీ రోజుకీ రెండేసి అంకెలు తప్పకుండా ఉండాలి. అప్పుడు అక్షరక్రమంలో పెట్టినా కాలక్రమంలోనే వస్తాయి. పేరు ఫైల్‌తో పాటు ప్రతి చోటికీ వెళ్తుంది. పాతవన్నిటి పేర్లూ మార్చుకుంటూ కూర్చోకండి. రెండు మూడు చిత్తులు కలగాపులగంగా ఉన్న ఫోల్డర్లు ఏవో చూసి, వాటికి మాత్రం చేయండి.

రుజువు సంగతి అడిగారు. సూటిగా చెప్పాలంటే, పాత తేదీలన్నీ పదిలంగా ఉన్నా అవి గట్టి రుజువేమీ కాదు. ఫైల్ తేదీని ఎవరైనా నిమిషంలో మార్చుకోవచ్చు, కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పి సేవ్ చేస్తే లోపలి తేదీ కూడా మారుతుంది. మీకు నిజంగా పనికొచ్చేవి మీరు పని పంపిన ఈమెయిళ్లు. అవతలివాళ్ల దగ్గరా ఒక కాపీ ఉంటుంది, దాని మీద వాళ్ల సర్వర్ వేసిన సమయం ఉంటుంది. 'పంపినవి' పెట్టెలో అటాచ్‌మెంట్ ఉన్న ఉత్తరాలు వెతికి చూడండి, ఏ చిత్తు ఎప్పుడు వెళ్లిందో చాలావరకు అక్కడే దొరుకుతుంది. వాటిని మాత్రం పొరపాటున కూడా ఖాళీ చేయకండి.

ఇక డిస్క్ ఎప్పుడు ఇచ్చేయవచ్చో చెప్పి ముగిస్తాను. కొత్తగా ఎక్కించినది డిస్క్‌తో పోల్చి చూశాక ఇవ్వండి. పోల్చడానికి ఫైల్‌లోని ప్రతి అక్షరాన్నీ లెక్కగట్టి వేలిముద్రలాంటి అంకె ఇచ్చే హ్యాష్ పద్ధతి ఉంది, ఆర్‌క్లోన్‌లో 'చెక్' అనే కమాండ్ సర్వీసు ఆ అంకెలు ఇచ్చేచోట ఇదే చేస్తుంది. హ్యాష్‌లోకి తేదీ, పేరు రావు కాబట్టి, అది సరిపోయిందంటే లోపలి రాత చెక్కుచెదరలేదని మాత్రమే అర్థం. తేదీలని జాబితాతో విడిగా చూసుకోవాలి. ఆ తర్వాత క్లౌడ్‌లోని మొదటి కాపీ తీసేయండి, మీరు దించి పెట్టుకున్న ఆ నాలుగైదు ఫైళ్లని కొత్తదాంట్లో వాటి చోట పెట్టండి. ఆ తేదీల జాబితా మాత్రం క్లౌడ్‌లో ఒకటి, మీ కంప్యూటర్‌లో ఒకటి ఉంచండి. అప్పుడైనా క్విక్ ఫార్మాట్ చేసి ఇవ్వకండి, అది చేశాక కూడా ఫైళ్లని వెలికితీసే ప్రోగ్రాములు ఉన్నాయి. మీ దగ్గర ఇంకా అచ్చు కాని పుస్తకాలు కూడా ఉంటాయి కదా. 'క్విక్' అన్న టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ పెట్టండి, గంటల తరబడి పడుతుంది, పట్టనివ్వండి. నన్నడిగితే మాత్రం, మీ మరిది కొడుక్కి సినిమాల కోసం ఒక కొత్త పెన్‌ డ్రైవ్ కొనిచ్చి, ఆ డిస్క్‌ని బీరువాలోనే ఉంచుకుంటాను.